గొళ్లెం బడి

పాల్మాకుల దాటి, రోడ్డు దిగి, చెలకల నడుమ కొంచెం దూరం పోతే ఒక పాత బడి ఉండేది. కాగితాల మీద దాని పేరేందో గానీ, చుట్టుపక్కల అందరికీ అది గొళ్లెం బడి. పొద్దుగూకినంక అటు దిక్కు ఎవ్వలూ పోకపోయేది. ఎందుకంటే, రాత్రిపూట ఆ బడి తలుపు గొళ్లెం దానంతట అదే కొట్టుకునేది. టక్... టక్... అని.

అది దశరథం సారు దయ్యం అనేటోళ్లు. 1962ల వానలకు గోడ కూలి ముగ్గురు పిల్లలు సచ్చిపోయిన్రు ఆ బడిల. పిల్లలను లోపలుంచి, బయట గొళ్లెం పెట్టి, సారు యాడికో పోయిండని ఊరంతా అన్నది. సారు కాదనలే. కొలువు పోయింది. పలకరించేటోడు లేకుండనే పదేండ్లు బతికి, ఆయన కూడా పోయిండు. సచ్చినంక ఆ గొళ్లెం తీయనీకి వస్తడని చెప్పుకునేటోళ్లు.

నాకీ ముచ్చట చెప్పింది కాటేదాన్‌ల బోర్డులు రాసే మల్లేశ్వరన్న. ఆ గొళ్లెం సంగతి తేలిననాడు ఆయన ఆడనే ఉన్నడు.

2012ల ఆ బడిల దయ్యం సినిమా తీసిన్రు. గోడలకు పాతరంగు పూసే పని మల్లేశ్వరన్నది. గుమ్మం మీద ‘మిషన్ హైస్కూల్, 1932’ అని ఇంగ్లీషుల రాయమన్నరు, రాసిండు. ఒక తెల్లదొర బొమ్మ గీసి గోడకు తగిలించిండు. కథల ఆ దొరే హెడ్‌మాస్టరు. పిల్లలను గదిలకు తోలి, బయట గొళ్లెం పెట్టి, కాలబెడతడు.

“సార్, ఈడ నైజాం రాజ్యం ఉండె గద. మా అసొంటి ఊళ్లె తెల్లదొర బడి నడుపుడేంది?” అని అడిగిండట అన్న.

డైరెక్టరు కోస్తా దిక్కు మనిషి. నవ్విండు. “దెయ్యం సినిమాలో చరిత్ర ఎవరు చూస్తారండీ? దొర ఉంటేనే భయం వేస్తుంది. మీరు రాయండి.”

మర్నాడే ఆ గొళ్లెం పెట్టే సీను. రంగు ఆరలేదని ఆ రాత్రి అన్న ఒక్కడే ఉండిపోయిండు. తొమ్మిది దాటింది. నెత్తి మీదికెళ్లి ఒక విమానం కిందికి దిగుకుంట పోయింది. దాని మోత సల్లబడ్డంక...

టక్.

చేతుల కుంచె ఆగింది.

టక్... టక్...

చివరి గది. గోడ మళ్ల కట్టిన్రు గానీ తలుపు పాతదే. అన్న టార్చి కొట్టిండు. తలుపు ముంగట ఒక ఆకారం — తెల్లజుట్టు, వంగిన నడుము, చెయ్యి గొళ్లెం మీద. టార్చి వెలుగు కిందికి, ఆ కాళ్ల మీదికి జారింది...

“కాళ్లు చూస్తున్నవా బిడ్డా?” మెల్లగ అన్నది. “సీదనే ఉన్నయి. మనిషినే.”

పేరు జంగమ్మ. ఆ ఊరిదే. గోడ కింద పోయిన ముగ్గురిల ఒకడు ఆమె తమ్ముడు ఐలయ్య. ఐదేండ్లోడు.

“ఇంత రాత్రి ఏం జేస్తున్నవు పెద్దమ్మా?”

“గొళ్లెం తీసి పోత. ఎవలో ఒకలు మళ్ల పెడ్తరు. అది పడి ఉంటే నాకు నిద్ర పట్టది.”

దయ్యం దయ్యం అని ఊరంతా వణికింది గీమెకేనా! అన్నకు నవ్వొచ్చింది, మళ్ల ఏడుపొచ్చింది. కూసోబెట్టి నీళ్లిచ్చిండు. ఆమె టార్చి తీసుకొని గోడలన్నీ చూసింది.

“గీ తెల్లోడు ఎవడు? మా బాపు ఈడ ఉర్దూ చదివిండు. మా కాలానికి తెలుగు వచ్చింది. గీ బల్లలేంది? మేం గోనెసంచుల మీద కూసునేటోళ్లం. గంట యాడిది? రైలుపట్ట ముక్క కొట్టేటోళ్లు. సారు చేతుల కట్టె ఎన్నడు చూడలే నేను. వానొస్తే చిన్నోళ్లను సంకనెత్తుకొని వాగు దాటించేటోడు.”

“మరి ఆ సారే గద గొళ్లెం పెట్టింది?”

జంగమ్మ టార్చి అన్న చేతుల పెట్టింది.

“సినిమాల గుడ గట్లనే చూపిస్తరా?” అన్నది.

“గంతే పెద్దమ్మా. రేపు తీసేది అదే.”

లేచి చీకట్ల కలిసిపోయింది.

తెల్లారి సాయంత్రం ఊరు ఊరంతా వచ్చింది షూటింగు చూడనీకి. అందరికీ దూరంగ, చేతికట్టె పట్టుకొని శివమ్మ నిలబడ్డది. దశరథం సారు భార్య. ఎనభై ఏండ్లుంటయి. ఆమె పక్కకు ఎవ్వలూ పోలే.

మొకానికి తెల్లరంగు పూసుకున్న దొర పిల్లలను లోపలికి నూకిండు. తలుపేసిండు. గొళ్లెం మీద చెయ్యేసిండు...

“గట్ల కాదు!”

కెమెరా ముంగట జంగమ్మ.

“సారు పెట్టలే! వాగు ఎంత వచ్చిందో చూడనీకి పోయిండు. పెద్దదాన్నని, చిన్నోళ్లను నన్ను చూడుమన్నడు. ఇంటికి ఉరికి గొంగడి తెద్దామనుకున్న. మా తమ్ముడు నా ఎంబడి వానల ఉరికొస్తడని... గొళ్లెం నేనే పెట్టిన. తొమ్మిదేండ్లు నాకు. వచ్చేసరికి... గోడ లేదు.”

జనరేటరు ఒక్కటే మొత్తుకుంటున్నది. కెమెరా ఆపుమని చెప్పుడు కూడా మరిచిపోయిండు డైరెక్టరు.

ఆ సినిమా ఏడాదికి వచ్చింది. అండ్ల గొళ్లెం దొరనే పెట్టిండు. అది పోనీ. మల్లేశ్వరన్నకు ఇప్పటికీ నిద్ర పట్టనియ్యంది, ఆ సాయంత్రమే శివమ్మ అన్న మాట.

జంగమ్మ పోయి శివమ్మ కాళ్ల మీద పడ్డది. “అమ్మా... సారు బతుకు నేను తిన్న. నోరు రాలే నాకు. యాభై ఏండ్లు నోరు రాలే.”

శివమ్మ కట్టె కింద పెట్టింది. కష్టంగ వంగి, ఆమె నెత్తి మీద చెయ్యేసింది.

“ఆయనకు ఎర్కే బిడ్డా,” అన్నది. “వాగు గట్టు మీదికెళ్లి చూసిండు నిన్ను, గొళ్లెం పెట్టి ఉరుకుతుంటే. ఆయన ఉరికొచ్చేసరికే గోడ పడ్డది. ‘నేను నోరిప్పితే ఆ పిల్ల బతకది శివమ్మా’ అని నాతోని ఒట్టేయించుకున్నడు.”

కొంగుతోని జంగమ్మ మొకం తుడిసింది.

“నీ పెండ్లి బరాత్ మా ఇంటి ముంగటికెళ్లి పోతుంటే, తలుపు సందుల నుంచి చూసిండు. ‘బతికింది’ అని... ఆ రాత్రంతా ఏడ్సిండు.”