పొడిగించని అగ్రిమెంటు

ఆమె ఇల్లు చూడడానికి వచ్చిన రోజు వాన దంచికొడుతోంది. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, నేరుగా లోపలికి వెళ్ళి కుళాయిలన్నీ తిప్పింది. కిటికీలన్నీ తెరిచి మూసింది. వంటగది తలుపును రెండుసార్లు ఊపి, చెవి ఆనించి మరీ విన్నది.

పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ అతనికి ఒళ్ళు మండింది.

“ఇల్లు చూస్తున్నారా, పేషెంటును చూస్తున్నారా?”

“ఫిజియోథెరపిస్టునండీ, అలవాటు. ఈ తలుపుకి మోకాళ్ళ నొప్పులున్నాయి. ఓనరు గారికి చెప్పి బాగు చేయించండి.”

“నేనే ఓనర్ని.”

మోకాళ్ళ దాకా మడిచిన అతని ప్యాంటునూ, జేబులోంచి తొంగి చూస్తున్న స్పానరునూ ఆమె ఎగాదిగా చూసింది.

“మరీ మంచిది. ఎవరికీ చెప్పక్కర్లేదు, మీరే బాగు చేసేయండి.”

అలా ఏడాది అగ్రిమెంటు మీద ఆమె మొదటి అంతస్తులో దిగింది.

ఆ పాత బిల్డింగులో నాలుగు వాటాలు. అతనూ, అతని అక్కా చెరో ఉద్యోగం చేసి కూడబెట్టింది కలిపి కొన్నారు. అక్క కింది వాటాలో కాపురముంటూ అగ్రిమెంట్ల సంగతి చూసేది. తమ్ముడు డాబా మీది గదిలో ఉంటూ పైపులూ తలుపులూ చూసేవాడు. మిగిలిన మూడు వాటాలూ అద్దెకిచ్చారు.

వంటగది తలుపు బాగైంది. తర్వాత గీజరు, ఆ తర్వాత గోడ చెమ్మ. మూడో నెల వచ్చేసరికి ఆ వాటాలో బాగు చేయడానికి ఏమీ మిగల్లేదు. అయినా ఆమె ఫిర్యాదులు ఆగలేదు, అతను మెట్లు దిగి రావడమూ ఆగలేదు.

“ఓనరు గారూ, ఈ కిటికీ గొళ్ళెం పడట్లేదు.”

“నిన్న పడింది కదండీ!”

“నిన్న గాలి లేదు.”

అతను వంగి గొళ్ళెం విప్పుతుంటే ఆమె గదిమింది. “నడుం కాదు, మోకాళ్ళు వంచండి. ఇలాగైతే నలభై ఏళ్ళకి నా దగ్గరికే రావాలి మీరు.”

నలభై దాకా ఎందుకండీ అనబోయి, అతను ఆ మాట మింగేశాడు. బాగానే పడుతున్న గొళ్ళేన్నే మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించి వచ్చేశాడు.

మింగడానికి కారణముంది. అతని చిన్నతనమంతా అద్దె ఇళ్ళలోనే గడిచింది. ఓనర్లు వచ్చి మీ కుట్టుమిషను ఓ నెల వాడుకుంటామంటే వాళ్ళమ్మ నవ్వుతూ సరేననేది. మా పిల్లకి లెక్కలు చెప్పమంటే అప్పుడూ నవ్వుతూ సరేననేది. తలుపు వేసుకున్నాక ఆ నవ్వు ఉండేది కాదు. కాదంటే ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఆమెది. ఆ ముఖం అతనికి ఈనాటికీ గుర్తే.

అక్క ఊరుకునే మనిషి కాదు. “ఒరే, రెండు కళ్ళూ మొదటి అంతస్తులోనే వదిలేసి తిరుగుతున్నావు. ఆ అమ్మాయిని అడగొచ్చు కదా?”

“ఎలా అడుగుతానక్కా? మనింట్లో అద్దెకుంది. ఇష్టం లేకపోయినా మొహమాటానికి తలూపితే? అమ్మ గుర్తులేదూ?”

“అయితే?”

“అగ్రిమెంటు పూర్తవనీ. తాళాలు నా చేతికిచ్చాక అడుగుతా. అప్పుడు అవునన్నా, కాదన్నా తన ఇష్టం.”

“ఇదంతా నీ బుర్రలో ఉంది. తనకెలా తెలుస్తుందిరా?”

“ముందే చెప్తే అడిగినట్టే కదా!”

అక్క తల పట్టుకుంది. అతను మాత్రం తన ఆలోచనకు తనే మురిసిపోయాడు. మంచివాడే, కాదనం. కానీ ఎదుటి మనిషికి తెలియని మంచితనం ఎంత పని చేస్తుందో అతనికి తట్టలేదు.

తొమ్మిదో నెలలో ఆమె మేడ మీద బట్టలు ఆరేస్తూ అడిగింది. “ఇంకో ఏడాది పొడిగిస్తారా?”

“చూద్దామండీ,” అన్నాడు.

పదో నెలలో అక్కడే మళ్ళీ అడిగింది. “వేరే ఎవరికైనా మాటిచ్చారా ఏమిటి?”

“లేదు. పొడిగించడం మాత్రం కుదరదండీ.”

ఆమె చేతిలోని దుప్పటి కాసేపు తీగ మీద పడలేదు. అతను అది చూశాడు. ఇంకో రెండు నెలలు, అంతే కదా అనుకున్నాడు.

మూడోసారి కాగితం మీద రాసి తెచ్చింది. “పద్ధతిగా రాసిస్తే ఒప్పుకుంటారేమోనని,” అంటూ నవ్వింది గానీ ఆ నవ్వు సరిగ్గా కుదరలేదు.

“మీరేం దిగులు పడకండి. మీకు మంచి ఇల్లు నేనే చూసిపెడతాను,” అన్నాడు మన మహానుభావుడు.

అన్నంత పనీ చేశాడు. వారం రోజులు వీధి వీధీ తిరిగి, ఎండ బాగా వచ్చే ఇల్లు, ఆమె హాస్పిటల్‌కి నడిచి వెళ్ళగలిగే ఇల్లు వెతికాడు. కుళాయిలన్నీ తనే తిప్పి చూశాడు. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏదీ పాడవలేదు. పాడైనా పైకి కబురు రాలేదు.

ఖాళీ చేసే రోజు రానే వచ్చింది. సామాను కింద లారీ ఎక్కింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గదులు చూసుకోవాలి కదా, ఏమీ చూడలేదు. ఆమె తాళాలు అతని చేతిలో పెట్టింది.

“ఇప్పుడు మీరు నా ఇంట్లో అద్దెకు లేరు,” అన్నాడు.

“తెలుసండీ. లారీ కనిపిస్తూనే ఉంది.”

“అందుకే అడుగుతున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. నన్ను పెళ్ళి చేసుకుంటారా?” అని, ఏడాదిగా లోపల దాచుకున్నదంతా, అమ్మ సంగతితో సహా, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

ఆమె కిటికీ గట్టు మీద కూలబడింది.

“మూడుసార్లు అడిగానండీ,” అంది. “వంటగదిలోకి ఎండ రాదు. డ్యూటీకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. ఇలాంటి ఇంటి కోసం ఎవరైనా మూడుసార్లు అడుగుతారా?”

అతను చేతిలోని తాళాల వైపు చూశాడు.

“మీరు పొమ్మంటున్నారనుకున్నాను. ఇల్లు కూడా మీరే వెతికిపెట్టేసరికి, నన్ను వదిలించుకోవడానికి ఇంత తొందరా అని రోజంతా ఏడ్చాను.”

“ఇప్పుడు తెలిసింది కదండీ. ఇప్పుడు...”

“మా ఎక్స్‌రే విభాగం ఆయన పోయిన వారం పెళ్ళి చేసుకుంటారా అని అడిగారు. ఒకేచోట పని చేసేవాళ్ళం, నాకూ ఇబ్బందే కదా. ‘ఇష్టం లేకపోతే కాదనండి, రేపు కూడా ఇలాగే కలిసి టీ తాగుదాం’ అన్నారు. ఆ మాట విన్నాక ధైర్యంగా ఆలోచించుకున్నాను. మొన్న సరేనన్నాను.”

అంతేనా అనిపించింది అతనికి. ఏడాది పాటు తను పడ్డ తిప్పలన్నీ ఆ మనిషి ఒక్క మాటతో, టీ కప్పు పట్టుకుని దాటేశాడు. ఆ మాట తనకూ వచ్చు. వంటగది తలుపు బాగు చేస్తూ అన్నా సరిపోయేది.

“వెనక్కి తీసుకోలేరా?” అన్నాడు, అడగకూడదని తెలిసీ.

“మీ మీద కోపంతో ఇచ్చిన మాట కాదండీ, ఇష్టపడే ఇచ్చాను. ఆయన మంచివారు. అందుకే మీకు కాదంటున్నాను.” ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. “ఇది మీరు మొన్న చలికాలంలో అడిగుంటే, నా జవాబు వేరే ఉండేది. అబద్ధం చెప్పను.”

ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది. అతను కిటికీ గొళ్ళెం వేసి, ఖాళీ వాటాకి తాళం పెట్టి కిందికి వచ్చాడు. అక్క గుమ్మంలోనే ఎదురుచూస్తోంది.

“అడిగావా?”

“అడిగా.”

“ఏమంది?”

“కాదందక్కా. ఏ భయమూ, ఏ మొహమాటమూ లేకుండా. నేను కోరుకున్నట్టే.”