పల్లవి దాటని ఇల్లు

సెలవు రోజు పొద్దున్నే గడియారాల మెకానిక్ హాల్లో బోర్లా పడుకుని, స్పీకర్ వెనక వైరు మార్చి, చెవి దానికి ఆనించాడు. పాట మొదలైంది. అర నిమిషంలో ఆపేశాడు. పాత వైరు తగిలించి మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆపాడు. ఏది బాగుందో అంతుపట్టలేదు. ఊరందరి గడియారాల్లో సెకను తేడా పట్టేసే మహానుభావుడు, సొంత ఇంట్లో రెండు వైర్ల మధ్య తికమకపడుతున్నాడు.

"ఇది బాగుందంటావా?" అని వంటింట్లోకి కేకేశాడు.

"పాతదానికీ ఇదే అడిగారు," అంది భార్య. "ఏం చెప్పమంటారు?"

గుమ్మం పక్కన రెండు పెట్టెల నిండా రికార్డులు తాడు కట్టి ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఏరి కూర్చుకున్నవి. ఇంకాసేపట్లో షాపాయన వాటిని పట్టుకెళ్లి, బదులుగా కొత్త స్పీకర్లు ఇస్తాడు.

"రికార్డులన్నీ ఇచ్చేసి ఆ స్పీకర్లలో ఏం వింటారండీ? గోడ గడియారం టిక్కు టిక్కా?"

"నాలుగు ఉంచుకున్నాగా. టెస్టింగ్‌కి చాలు. నీకర్థం కాదులే."

ఆమెకు ఒళ్లు మండింది. గరిటెతోనే హాల్లోకి వచ్చింది.

"నిన్న స్కూల్లో మన పిల్ల చేత పాట పాడిస్తే, మీ ఈ పాటే ఎత్తుకుందట. పల్లవి పాడేసి వచ్చి కూర్చుందట. మిగతాదేదమ్మా అంటే, 'మా ఇంట్లో ఇంతే ఉంటుంది టీచర్' అందట. క్లాసంతా ఒకటే నవ్వు. ఇప్పుడర్థమైందా?"

అతనికి నవ్వొచ్చింది. భార్య మొహం చూసి ఆపుకున్నాడు. కిటికీ దగ్గర బొమ్మలు వేసుకుంటున్న కూతురు తలెత్తింది.

"తరవాత ఏముంటుంది నాన్నా?"

"చరణం ఉంటుందమ్మా. అదీ..."

ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు. తనకు ప్రాణమైన పాట! చివరిదాకా ఎప్పుడు విన్నాడు? పెళ్లికి ముందు, పక్కింటి నుంచి అరువు తెచ్చిన డొక్కు ప్లేయర్ మీద. అతనికి సిగ్గేసింది.

ఏ వైరు ఉందో కూడా చూసుకోకుండా రికార్డు మీద ముల్లు పెట్టాడు. పల్లవి అయింది. అలవాటుకొద్దీ చెయ్యి లేచింది. కూతురు పరుగున వచ్చి ఆ చేతిని రెండు చేతులతో పట్టేసుకుంది. చరణం మొదలైంది. మధ్యలో ఒక వేణువు వచ్చింది. ఇది ఇందులో ఉందా అని అతను అయోమయంగా చూశాడు. భార్య పెదవులు పాటతోపాటే కదులుతున్నాయి.

"నీకు మొత్తం వచ్చా?"

"మీరు ఆపేశాక మిగతాది నేను లోపల్లోపలే పాడుకుంటాను. పన్నెండేళ్లుగా."

అతని కళ్లు చెమర్చాయి. బయట హారన్ మోగింది.

"షాపాయన వచ్చాడు నాన్నా!"

"పెట్టెలు ఇవ్వట్లేదని చెప్పు తల్లీ," అన్నాడు కళ్లు తుడుచుకుని, రికార్డు తిరగేస్తూ. "తొందరగా రా. ఇంకో వైపు కూడా ఉంది."