గుడ్డలో చుట్టిన బాబిన్ కేస్

బల్ల ఉంది. మోటారు ఉంది. కింద తొక్కే పెడల్ ఉంది. పైన ఉండాల్సిన మిషన్ తలే లేదు.

ఉదయం 8.20. టైలర్ షాపులో హెడ్ కానిస్టేబుల్ నడుం మీద చేతులు పెట్టుకుని, బల్ల మధ్యలో నోరు తెరుచుకున్న ఖాళీలోకి చూస్తోంది. ఆ వీధి వీధంతా ఆమెను హెడ్డమ్మ అంటుంది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆమె చూడని కేసు లేదు. తల లేని కుట్టు మిషన్‌ను చూడడం కూడా ఇది మొదటిసారి కాదు. ఆ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

అది వదినా ఆడపడుచూ కలిసి పెట్టుకున్న షాపు. వదిన కత్తిరిస్తుంది, ఆడపడుచు కుడుతుంది. ఉప్పూ నిప్పూలా ఉండాల్సిన వరస, పాలూ నీళ్లలా కలిసిపోయింది. పోయిన పవర్ మిషన్ మీద ఆడపడుచు ఏడేళ్ల కూడబెట్టు ఉంది.

"ఎప్పుడు చూశావు?"

"ఏడూ నలభైకండీ. అర్జెంటు ఆర్డరుందని తొందరగా వచ్చా. వెంటనే మీకు ఫోన్ చేశా," అంది ఆడపడుచు.

"నిన్న ఎన్నింటికి వెళ్లావు?"

"ఐదింటికి. తాళం వదిన వేస్తానంది."

"తాళం పగిలిందా?"

"గీత కూడా పడలేదండీ. తాళంచెవులు మూడు. నాదొకటి, వదినదొకటి..." గొంతు తగ్గించి పక్కగది వైపు గడ్డం ఎత్తి చూపింది. "ఇస్త్రీ బాబాయిదొకటి."

హెడ్డమ్మ పక్కగదిలోకి నడిచింది. ఇస్త్రీ బాబాయి చొక్కా కాలరు మీద పెట్టె నడుపుతున్నాడు. చెయ్యి ఆగలేదు.

"మొన్న అడ్వాన్సు అడిగావట?"

"అడిగానమ్మా. కళ్లజోడు పగిలింది. లేదన్నారు."

"పాత కేసుందట?"

"ఇరవై రెండేళ్ల కిందటిది. నాది కాని సైకిల్ అమ్మేశాను. ఆర్నెల్లు జైల్లో ఉన్నాను. ఆ సైకిల్ ఇప్పటికీ నన్ను తొక్కుతూనే ఉందమ్మా."

"పొద్దున ఎప్పుడొచ్చావు?"

"ఆరున్నరకి. రోజూ అంతే. మిషన్ల గదిలోకి తొంగి చూడలేదు. చూసినా కళ్లజోడు లేకుండా దానికి తలుందో లేదో నాకు తెలిసేది కాదు."

హెడ్డమ్మకు నవ్వొచ్చింది. పైకి రానివ్వలేదు.

ఇక వదిన. మంచినీళ్లు తెచ్చిచ్చింది. గ్లాసులో సగం నీళ్లు దారిలోనే ఒలికాయి.

"నిన్న ఏడింటికి తాళం వేశాను. అంతా బాగానే ఉంది."

"ఇస్త్రీ బాబాయి తీసి ఉంటాడా?"

"నాకేం తెలుసండీ."

ఆ మాట ఆమె హెడ్డమ్మతో అనలేదు. మెడలో వేలాడుతున్న టేపుతో అంది.

10.15కి ఎస్సై ఫోన్. "పాత కేసున్నవాడు ఎదురుగా ఉండగా ఇంకా వెతుకులాటేంటి? పన్నెండింటికల్లా వాణ్ని స్టేషన్‌కి తీసుకురండి."

ఫోన్ గొంతు పెద్దది. పక్కగదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

హెడ్డమ్మ మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. మోటారు బెల్టు తెగలేదు. విప్పి, చుట్టి, మేకుకు తగిలించి ఉంది. దొంగకు అంత తీరికెక్కడిది? సొరుగు లాగింది. సుద్దముక్కలు, బొత్తాలు, విరిగిన సూదులు. వాటి వెనక మెత్తటి గుడ్డచుట్ట. పొద్దున చూసి, ఏదో మసిగుడ్డ అనుకుని వదిలేసింది. ఇప్పుడు విప్పింది.

బాబిన్ కేస్. కింది దారపుకండె పెట్టే చిన్న ఇనపగిన్నె. కొత్తగా రాసిన నూనె ఇంకా మెరుస్తోంది.

హెడ్డమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసింది.

11.30కి ముగ్గురినీ మిషన్ల గదిలోకి పిలిచింది.

"ఇది దేనిది?"

"స్పేరు అయ్యుంటుందండీ," అంది ఆడపడుచు.

హెడ్డమ్మ గదిలో మిగిలిన రెండు మిషన్లలో మొదటిదానిలో పెట్టి చూసింది. పట్టలేదు. రెండోదానిలో పెట్టింది. అదీ పట్టలేదు.

"అంటే పోయినదానిదే. ముప్ఫై కిలోల ఇనుము మోసుకుపోయే దొంగ, వేలెడంత ముక్కను ఊడదీసి, నూనె రాసి, గుడ్డలో చుట్టి, సొరుగులో దాచి వెళతాడా?"

హెడ్డమ్మ దాన్ని మళ్లీ గుడ్డలో చుట్టింది.

"దొంగ చెయ్యడు. తాకట్టు పెట్టేవాళ్లు చేస్తారు. బజార్లో కొత్తది దొరుకుతుంది, నిజమే. కానీ తన చేతికి తగ్గట్టు మర బిగించుకున్నది దొరకదు. ఎప్పటికైనా విడిపించుకుంటానన్న ఆశ ఉన్నవాళ్లే దీన్ని దగ్గరుంచుకుంటారు. మా అమ్మ కొంగున కట్టుకుంది."

"ఎందుకు తాకట్టు పెట్టిందండీ?" ఇస్త్రీ బాబాయి అడిగాడు.

"నా పోలీసు పరీక్ష కోచింగ్ ఫీజు కోసం. ఉద్యోగం రాగానే విడిపిస్తానన్నాను. ముందు బండి కొనుక్కున్నాను. బాబిన్ కేస్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మిషన్ లేదు. అమ్మా లేదు."

అప్పుడు వదిన కటింగ్ బల్ల అంచు పట్టుకుని కింద కూలబడింది.

"నేనే ఇచ్చానమ్మా. వీళ్లిద్దరూ వెళ్లాక, వడ్డీ వ్యాపారి బండి నిన్న ఆరింటికొచ్చింది."

"వదినా!"

"ఆ ఖరీదైన కోటు గుడ్డ గుర్తుందా, అమ్మాయ్? రెండు చేతులూ ఒకే పక్కకి, కుడివైపుకే, కోసేశాను. పాతికేళ్ల కత్తెర! నీకు చెప్పలేక, గుడ్డ కొనడానికి ఫోన్ యాప్‌లో నాలుగు వేలు అప్పు తీసుకున్నా. దాన్ని తీర్చడానికి ఇంకోటి. దానికి ఇంకోటి. ముప్ఫై ఎనిమిది వేలయింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను. మిషన్ రిపేరుకి పంపానని చెబుదామనుకున్నా. నేనొచ్చేసరికే నువ్వు పోలీసుల్ని పిలిచేశావు."

ఆడపడుచు ఖాళీ బల్ల మీద చెయ్యి వేసింది.

"ఒకే పక్కకి కోశానని చెప్పుంటే కడుపుబ్బ నవ్వేదాన్ని వదినా. రెండ్రోజులు ఏడిపించేదాన్ని. అంతటితో పోయేది."

11.50. హెడ్డమ్మ ఫోన్ తీసింది. "దొంగతనం కాదు సార్. తాకట్టు. ఎవరినీ తీసుకురావడం లేదు."

వదిన ఇస్త్రీ బాబాయి వైపు తిరిగింది. "బాబాయ్..."

"అప్పు సంగతి నాకొద్దమ్మా. నేనూ చేశాను, ఎవరు చెయ్యలేదు?" ఆయన గొంతు పెంచలేదు. "నా పేరు చెబుతున్నప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదూ?"

"ఉన్నాను."

"విన్నావు కదూ?"

"విన్నాను."

ఇస్త్రీ బాబాయి జేబులోంచి తాళంచెవి తీసి ఖాళీ బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరే ఉండనీ. రేపూ ఆరున్నరకే వస్తా. తలుపు నువ్వు తియ్యి."

మర్నాడు 6.20కి హెడ్డమ్మ ఆ వీధిలో నడిచింది. డ్యూటీ ఆ వైపు లేదు. అయినా నడిచింది.

షాపు తలుపు అప్పటికే తీసి ఉంది. లోపల ఇస్త్రీపెట్టె వేడెక్కుతోంది. వదిన గడప మీద నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిడికిట్లో తాళంచెవి.

వీధి చివర ఇస్త్రీ బాబాయి కనిపించాడు. కళ్లజోడు లేదు కదా, గోడ తడుముకుంటూ మెల్లగా వస్తున్నాడు.

వదిన మెట్లు దిగి ఎదురు వెళ్లింది. తాళంచెవి ఇవ్వబోలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుంది.

ఇస్త్రీ బాబాయి నడక ఆపలేదు. చెయ్యి విడిపించుకోనూ లేదు.