ఓడిన గవర్నరు ఇంటి కోలా

"ఓడినవాడు చావకూడదు, గెలిచినవాడూ చావకూడదు. ఇద్దరిలో ఎవరు పోయినా సాయంత్రానికి రాష్ట్రం తగలబడుతుంది." నైజీరియా రాజధాని అబూజా నుంచి చీఫ్ ఇచ్చిన బ్రీఫింగ్ అంతే.

ఏజెంట్ ఒక్వుదిలి సర్వర్ వేషంలో గవర్నరు ఒబియెక్వే ఇంటి హాల్లో నిలబడ్డాడు. నిన్నటిదాకా ఈ హాల్లో ఇసుక వేస్తే రాలేది కాదు. ఫలితాలు రాగానే కాంట్రాక్టర్లు, బావమరుదులు అందరూ మాయం. ఆ ఖాళీ కుర్చీలు చూస్తుంటే అతనికి భయం వేసింది. చెవిలోని రిసీవర్‌లో ఉజోండు గొంతు: "చేతులు చూడరా, మొహాలు కాదు." కిందటి ఎన్నికల్లో ఇలాంటి డ్యూటీలోనే బాంబుకు బలైన జోడీదారు ఉజోండు. రిసీవర్ ఆఫ్ చేసే ఉంది.

గెలిచిన అనోజీ ఇవాళ గవర్నరును పలకరించడానికి ఈ ఇంటికే వస్తున్నాడు. సీసపు గనుల లీజు రద్దు చేస్తానన్నవాడు. ఆ గనులు నడిపే విదేశీ ముఠా పంపిన కోడ్ దొరికింది: "అతిథికి మర్యాద చేయండి." దాడి రోడ్డు మీదేనని సలోమే చెప్పింది. లండన్‌లో పెరిగిన అందగత్తె, గవర్నరు ప్రెస్ సలహాదారు, డిపార్ట్‌మెంటుకు రహస్య ఇన్ఫార్మర్. ఆమె మాట నమ్మి బలగమంతా గేటు బయటే కాపలా కాస్తోంది.

అనోజీ క్షేమంగా లోపలికొచ్చాడు. ఇంటికొచ్చిన అతిథికి ముందుగా పెట్టే కోలా గింజల ప్లేటును సలోమే సర్దితే, ఒక్వుదిలే తెచ్చాడు. గవర్నరు ఒక కోలా గింజ తీసుకుని తడికళ్లతో పూర్వీకులను తలుచుకుంటున్నాడు. ఇంటాయనే విరిచి, విషం లేదని ముందు తాను తిని, తరువాత అతిథికివ్వాలి.

"చేతులు చూడరా."

చూశాడు. గింజ మీద ఒకటే గీత. రెండు బద్దల గ్వోరో! లారీ డ్రైవర్లు నిద్ర రాకుండా నమిలే రకం. ప్రార్థనకు ఎక్కువ బద్దలుండే ఈబో రకం కోలాయే పెడతారని ఇక్కడ చంటిపిల్లలకూ తెలుసు. ఇక్కడ పెరిగినవాళ్లు పెట్టింది కాదిది. కోడ్‌లోని 'మర్యాద' ఇదే.

"సార్, విరవకండి. అది గ్వోరో."

ప్లేటు సలోమే ముందు పెట్టాడు. "మీరు సర్దిందేగా మేడమ్. ముందు మీరు తినండి."

ఆమె నవ్వింది. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. ఒక్వుదిలి ఆమె మణికట్టు మెలిపెట్టగానే చిన్న పిస్టల్ నేల మీద పడింది.

ఆమెను తీసుకెళ్లాక గవర్నరు భార్య అసలైన కోలా తెచ్చింది. ఆయన విరిచి, తిని, అనోజీ చేతికిచ్చాడు. ఒక్వుదిలి రిసీవర్ తీసి జేబులో వేసుకున్నా ఉజోండు గొంతు ఆగలేదు.

గవర్నరు అతన్ని పక్కకు పిలిచాడు. "విషం సంగతి పేపర్లో రాసుకోనీ. నా ఇంట్లో అతిథికి గ్వోరో పెట్టామన్న మాట మాత్రం బయటికి పొక్కనీకు నాయనా. ఓడి పోగొట్టుకున్న పరువు చాలు."