జిగురాకు, జిడ్డు జడ

మంచుగిరి రాజ్యానికి పట్టిన పీడ పులీ కాదు, పగవాడూ కాదు, ఒక మొక్క. మబ్బులు కమ్మే కొండకొమ్మున, అరచేయంత ఆకులతో దోమల్నీ చీమల్నీ పట్టి తినే జిగురుమొక్క, ఓ మంత్రగాడి శాపం వల్ల చాపలంత ఆకులు వేసి మనుషుల్ని పట్టసాగింది. దాన్ని నరకబోయిన రాజభటులు కత్తులతో సహా అతుక్కుపోయారు. ఇప్పుడు తేనెకు వెళ్ళిన అప్పన్న చిక్కాడు.

అతని అక్క నూకాలు పనసకాయలు కోసి అమ్మే పిల్ల. పనసజిగురుకు నూనే మందని ఆమెకు తెలుసు. సొరబుర్ర నిండా నువ్వులనూనె పోసుకుని బయలుదేరబోతే తల్లి ఆపింది. ఏడుస్తూనే కూతురి నెత్తిన గిద్దెడు ఆముదం పెట్టి జడ వేసింది.

“ఇప్పుడు కూడానా అమ్మా? జిడ్డు జడని ఊరంతా నవ్వుతున్నారు.”

“నవ్వనీ. తలకి నూనె లేకుండా గడప దాటకూడదే.”

కొండదారిలో ఒక ముని కనిపించాడు. “పొద్దు వాలేలోగా నీ తమ్ముడి మీద ఆకు ముడుచుకుపోతుంది తల్లీ. చిక్కినవాడు ఒక్కడు ప్రాణంతో జారిపోతే చాలు, శాపం తీరుతుంది,” అన్నాడు.

నూకాలు పరుగు తీసింది. కనుమలో ఒక రాక్షసుడు అడ్డంగా పడుకుని ఉన్నాడు.

“కాళ్ళ పగుళ్ళతో చస్తున్నాను. ఆ నూనె ఇస్తే దారి. లేదంటే నువ్వే నా చద్దికూడు.”

“సగం తీసుకో మావా. మా తమ్ముడి ప్రాణం అందులోనే ఉంది.”

రాక్షసులకు సగమంటే ఏమిటో తెలిసి చస్తే కదా! బుర్ర మొత్తం కాళ్ళమీద బోర్లించుకుని గుర్రుపెట్టాడు.

ఆమె వాడి కాళ్ళు దాటుకుని, ఉత్త చేతులతో కొండకొమ్మెక్కింది. ఆకు అంచులు అప్పన్న గుండెలదాకా ముడుచుకున్నాయి.

“ముట్టుకోకే అక్కా. ఇద్దరం పోతే అమ్మకెవరున్నారు?”

“నిన్నొగ్గీసి ఏ మొగం పెట్టుకుని ఇంటికెళ్తాన్రా?”

పొద్దు వాలుతోంది. దారి తోచక, ఏడుస్తూ రెండు చేతులతో తల పట్టుకుంది. చేతులు తలమీద నిలవలేదు, జారిపోయాయి.

గబగబా జడ విప్పింది. పిండితే ఆముదం కారింది. చేతులకూ మోచేతులకూ పులుముకుని, తడిసిన జుట్టును తమ్ముడి వీపు కిందికి తోసి, పనసతొన ఒలిచినట్టు మెల్లగా ఒలిచింది. చర్మం లేచిపోయి అప్పన్న కేక పెట్టాడు. కానీ ఊడి వచ్చాడు.

ఆ క్షణమే ఆకులన్నీ కుంచించుకుపోయి అరచేయంతయ్యాయి. ఇన్నాళ్ళూ ముడుచుకున్న ఆకుల్లో ఉండి చిక్కి సగమైన భటులు ఒక్కొక్కరే నేలమీద పడి లేచారు.

రాజు సంతోషించి ఆ కొండసీమను నూకాలుకే ఏలుకోమని ఇచ్చాడు. పట్టాభిషేకం నాడు దాసీలు అత్తరు తెస్తే ఆమె వద్దంది. వెళ్ళి అమ్మ ముందు చతికిలబడి, తల వంచింది.

“ఇంకొంచెం పెట్టమ్మా,” అంది.