వానకి ఆగిన పాఠం

మా క్యాంపులో మొదటి పాఠం ట్రైనర్ అమ్మమ్మ చెప్పింది. వయసుని బట్టి అందరం ఆవిణ్ణి అలాగే పిలుస్తాం. మేమంతా సెలవుల్లో పిల్లల్ని కొండలెక్కించడానికి పేరిచ్చిన వాలంటీర్లం.

"పూర్వం లీడర్లకి ట్రైనింగంటే హాల్లో బెంచీల మీద కూర్చుని నోట్సు రాసుకోవడమే. టెంటు వేయడం రానివాడూ లీడరే! తర్వాత, పిల్లల్లా మీరూ చేసి నేర్చుకోండని పెద్దాళ్ళని టీములు చేసి టెంట్లలోకి తోలారు. నా టైమొచ్చేసరికి ఇంకో తమాషా. మొండిపిల్లలా సతాయించమని టీములో ఒకరికి రహస్యంగా చెప్పేవాళ్ళం. మిగతావాళ్ళ ఓపిక చూడాలి కదా..."

అంతలో వాన దబదబా పడింది. పాఠం ఆగింది, నా అనుమానం మొదలైంది.

ఎందుకంటే మా టీములో ఒక నర్సుంది. టెంటు గుమ్మం ఇటు పెడదామంటే అటు అంది.

"ఎలక్ట్రీషియన్ గారూ, వాననీళ్ళకి మీ స్విచ్చుల్లేవు," అని నా పని మీద వెక్కిరించింది.

ఓహో, మొండిపిల్ల ఈమేనన్నమాట! ఇక చూడండి నా ఓపిక. ఆమె ఏమన్నా నవ్వాను. కూరలో ఉప్పు మరిచిపోయినా అద్భుతమన్నాను. విచిత్రంగా, నేను గిన్నెలు మాడబెడుతుంటే ఆమె కూడా పల్లెత్తు మాటనడం మానేసింది. అదీ నాకు అనుమానమే.

ఆఖరి సాయంత్రం టార్పాలిన్ కింద ఇద్దరం గిన్నెలు తోముతున్నాం.

"రేపు ఎవరి ఊరికి వాళ్ళం. చెప్పకపోతే మనసొప్పదు. మీరంటే నాకిష్టం," అంది.

నాకూ ఇష్టమే, నిద్ర పట్టనంత ఇష్టం. కానీ ఇదీ పరీక్షే అయితే?

"మీ భావాన్ని గౌరవిస్తున్నాను. టీముతో పంచుకున్నందుకు థాంక్స్," అన్నాను.

ఆమె గిన్నె నా చేతిలో పెట్టి విసవిసా వెళ్ళిపోయింది. అబ్బ, ఏం నటన అనుకున్నాను. కానీ ఆమె కళ్ళు తుడుచుకోవడం చూశాక ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

మర్నాడు వీడ్కోలు చెబుతూ అమ్మమ్మ మళ్ళీ మొదలెట్టింది.

"ఆ రోజు పాఠం మధ్యలో ఆగింది కదూ? ఆ మొండిపిల్ల పద్ధతి ఎప్పుడో ఎత్తేశాం. ఓసారి ఒకాయన నిజంగానే కాలు విరగ్గొట్టుకుంటే, భలే నటిస్తున్నావని టీమంతా చప్పట్లు కొట్టింది! ఒకర్నొకరు నమ్మనివాళ్ళు పిల్లల్నేం చూసుకుంటార్రా?"

అందరూ గొల్లున నవ్వారు. నేను నోరు వెళ్ళబెట్టి నర్సు కోసం చూశాను. ఆమె బస్సు మెట్టు మీద ఆగిపోయి నన్నే చూస్తోంది. పరిగెత్తాను.

"అంటే మొండిపిల్ల మీరు కాదా?"

"నేనా? మీరు కాదా? స్టవ్ వెలిగించడం రాదు, ముడి వేయడం రాదు! నిజంగా ఇంత చేతకాని మనిషి ఉంటాడా అని, నటన అనుకుని ఓర్చుకున్నా!"

"నటన కాదండీ, నేనింతే. మరి నటన అనుకుంటే ఎలా ఇష్టపడ్డారు?"

"పిల్లల గురించి చెప్పేటప్పుడు నటించడం మర్చిపోతున్నారనుకున్నా. ఆ మనిషే నచ్చాడు," అని తల దించుకుంది.

"నాకూ మీరంటే ప్రాణం."

ఆమె కళ్ళు చిట్లించింది. "ఇలా చెప్పమని ఎవరన్నా చెప్పారా?"

"ఒట్టు, ఎవరూ చెప్పలేదు!"

డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆమె లోపలికెళ్ళి కూర్చుని, తన పక్క సీట్లోంచి బ్యాగు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ బస్సు మా ఊరు వెళ్ళదు. అయినా ఎక్కేశాను.