భూషణం కట్టని రెండు గుడ్డలు

సైలెన్సర్ తుపాకీ. నాలుగు గుళ్ళు. ఒక మెకానిక్‌ను చంపడానికి రెండు చాలు, మిగతా రెండూ వట్టి కసి.

కొంటా రోడ్డు పక్క షెడ్డులో భూషణం శవం ముందు వీరేందర్ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు నెలలుగా ఈయన దగ్గర హెల్పర్ వేషం వేశాడు. వీరేందర్ గూఢచారి అని తెలియని ఆ పెద్దమనిషి తిట్టి, తినిపించి, పని నేర్పాడు. వీరేందర్‌కు ఏడుపు ఆగలేదు.

చెవిలోని రిసీవర్ పలికింది. "ఇప్పపువ్వు రాలిందా?"

"ఏరడానికి మనుషుల్లేరు," అని కోడ్ పూర్తిచేశాడు.

"రాత్రి ఆ ముసలాయన చేత ఒక ట్రైలర్‌కు పని చేయించారు," అన్నాడు చీఫ్. "లోపల ఇరవై టన్నుల పేలుడు పదార్థం. గుద్దుకుంటే పేలుతుంది. డ్రైవర్ సుమన్, విదేశీ ముఠా మనిషి. చెక్‌పోస్ట్‌లో ఇద్దరు జవాన్లను తొక్కేసి వస్తున్నాడు. టార్గెట్ శబరి వంతెన."

"సార్, వంతెన దగ్గర ఈ రోజు సంత!"

"తెలుసు. ఆపు. మన ఏజెంట్ పూనం అక్కడే ఉంది, గైడ్ చేస్తుంది."

సంతలో చింతపండు అమ్ముతూ భూషణం భార్య దుర్గమ్మ కూర్చుని ఉంది. మొగుడు పోయిన సంగతి ఆమెకింకా తెలియదు. ఆమెను కూడా పోనిస్తే తన బతుకెందుకని వీరేందర్ బైక్ ఎక్కాడు.

పదకొండుకు ఐదు నిమిషాలు. వంతెనకు దిగే వాలులో ట్రైలర్ కనిపించింది. పూనం గట్టు మీద జీపులో, బైనాక్యులర్స్‌తో ఉంది. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు. డిపార్ట్‌మెంట్‌లో సగంమంది ఆమెను చూసి బైకులు గోడకు గుద్దినవాళ్ళే.

"క్యాబిన్ జోలికి పోవద్దు, సుమన్ దగ్గర గన్ ఉంది," అని చెవిలో పూనం గొంతు. "క్యాబిన్ వెనకున్న ఎర్ర హోస్, అదే గాలి గొట్టం, కోసెయ్. గాలి పోతే స్ప్రింగులు పట్టేస్తాయి. బైనాక్యులర్స్‌లో చూశాను, ఆరు స్ప్రింగులూ ఓకే."

గాలి పోతే స్ప్రింగులు పట్టేస్తాయన్న మాట అబద్ధం కాదు. 'గాలి ఉంటే బండి పోతది, గాలి పోతే ఆగుతది' అని భూషణం రోజుకోసారి అనేవాడు. చక్రం దగ్గరి డబ్బాలో బలమైన స్ప్రింగు ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచేది గాలి. గాలి పోగానే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు బిగిస్తుంది. అయితే పొడుగు బోల్టు పెట్టి ఆ స్ప్రింగును కట్టేస్తే గాలి పోయినా బ్రేకు పడదు. దారిలో లీకైన బండిని షెడ్డుకు తెచ్చుకోవడానికి మెకానిక్‌లు చేసే పని అది. అప్పుడు బండికి మిగిలేది గాలితో నడిచే కాలి బ్రేకొక్కటే. హోస్ కోస్తే అదీ పోతుంది.

వీరేందర్ బైక్ ట్రైలర్ పక్కకు వచ్చింది. ఆరు డబ్బాల నుంచీ బోల్టులు బయటికి పొడుచుకొచ్చాయి. ఆరూ కట్టేశారు! పూనం అమ్ముడుపోయింది.

అంతలో నల్లగుడ్డలు కనిపించాయి. స్ప్రింగు కట్టేసిన ప్రతి చక్రం దగ్గరా, విప్పడం మరిచిపోకుండా నల్లగుడ్డ ముడేయడం భూషణం అలవాటు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. గుడ్డలు నాలుగే ఉన్నాయి. చివరి ఇరుసుకు లేవు.

తల మీద తుపాకీ ఉన్నా ముసలాయన ఆ రెండు బోల్టులూ లోపలి కొక్కేనికి తగిలించకుండా ఊరికే దూర్చి వదిలేశాడన్నమాట! గాలి పోతే ఆ రెండు చక్రాలూ పట్టేస్తాయి.

సుమన్ కిటికీలోంచి కాల్చాడు. భుజంలో మాంసం ఊడిపోయింది. వీరేందర్ బైక్ వదిలేసి క్యాబిన్ వెనక సందులోకి దూకాడు.

"కోసెయ్!" అని పూనం అరిచింది.

"నీ మాటే వింటున్నా," అని బెల్టు బకిల్‌లోని కట్టర్ తీసి ఎర్ర హోస్ తెగ్గోశాడు.

గాలి బుస్సుమంది. చివరి చక్రాలు బిగుసుకుని కీచుమంటూ తారును గీరాయి. టైర్ల పొగ. సుమన్ తిట్టుకుంటూ యాక్సిలరేటర్ తొక్కాడు. వీరేందర్ వెనక అద్దం మోచేత్తో పగలగొట్టి, తెగిన హోస్‌ను సుమన్ మెడకు రెండు చుట్లు చుట్టి లాగాడు. కాళ్ళు తన్నుకున్నాయి, గొంతు గురగురమంది, మెడ ఎముక పటుక్కుమంది. ఇంజన్ ఆగిపోయింది. సంతలో మొదటి టార్పాలిన్‌కు పదిహేను గజాల దూరంలో బండి నిలిచింది.

జీపు దిగిన పూనం పిస్టల్ ఎత్తింది. "ఆరూ దగ్గరుండి కట్టించాను! బోల్టులు నేనే లెక్కపెట్టాను!"

"గుడ్డలు లెక్కపెట్టలేదు."

"అవి దిష్టి గుడ్డలు కావా?" అంటూనే కాల్చింది. గుండు చెవి తమ్మెను ఎగరగొట్టింది. సుమన్ దగ్గర లాక్కున్న తుపాకీతో వీరేందర్ కాల్చాడు, గురి తప్పలేదు. నల్లకళ్ళద్దాలు నుదుటి రక్తంలో తడిశాయి.

జనం మూగారు. దుర్గమ్మ అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"ఏంది వీరూ, ఈ నెత్తురేంది? బండికి గాలి పోయిందా? మా ఆయనకు ఫోన్ కొట్టు బిడ్డా, గడియలో నడిపిస్తడు."

ట్రైనింగ్‌లో వీరేందర్‌కు ఐదు భాషలు నేర్పారు. ఈ మాట చెప్పడానికి అందులో ఒక్కటీ పనికిరాలేదు.